కొర్రచేను సాక్ష్యం

తూప్రాన్,
2 మార్చి 2025, ఆదివారం

అత్తమ్మా,

వందనాలు. ఆదివారం గుడికి పోకుండా ఉత్తరం రాస్తున్నానని మొదటి ముక్కలోనే తిట్టకు. ఇవాళ కూడా డ్యూటీ వేశారు. ఫోన్ చేస్తే నీకు వినపడదు, మెసేజ్ పెడితే తప్పులు దిద్ది తిరిగి పంపుతావు, ఇక కాగితమే గతి.

మార్చి వచ్చిందంటే మా వ్యవసాయ శాఖ పెండ్లివారి ఇల్లే. ఏడాదంతా "నిధుల్లేవమ్మా" అని కూర్చున్నవాళ్లకు ఫిబ్రవరి ఆఖరున పైసలు దిగుతాయి. నెలాఖరులోపు ఖర్చు చూపకపోతే వాపస్ పోతాయి. వాపస్ పోయాయంటే వీళ్లకు ఖర్చు చేసే తెలివి లేదని వచ్చే ఏడు తగ్గిస్తారట. అందుకని ఇది రైతుకు పనికొస్తుందా అని ఎవరూ అడగరు. బిల్లు ఉందా అని అడుగుతారు.

ఈసారి కొర్రల వంతు. పది మంది రైతుల పొలాల్లో కొర్రలు పండించి ఊరివాళ్లకు చూపించాలి. ప్రదర్షన క్షేత్రాలంటారు వాటిని. విత్తనం బస్తాలు దిగేసరికి నేను చూసే ముత్తాయికుంటలో అందరూ వరి నాట్లు వేసుకుని నెల దాటింది. ఇప్పుడు కొర్రలు ఎక్కడ చల్లాలి, నెత్తి మీదా? ఊరు మొత్తానికి నర్సింగం ఒక్కడే తన ఇష్టంతో కొర్ర వేసుకున్నాడు, అది కూడా అల్లుడికి షుగర్ అని. మా మండల వ్యవసాయ అధికారి చంద్రకాంత్ సారుకు ఆ చేను చూడగానే ప్రాణం లేచొచ్చింది. "ఒక్క చేనుకు నాల్గు మూలలుంటయి కదమ్మా, నడుమ గట్లు గూడ ఉన్నయి. జర తిరిగి తిరిగి ఫోటోలు తియ్యి" అన్నాడు.

తిరిగి తిరిగి తీశాం. బోర్డు ఒకటే, దాని మీద రైతు పేరు మారుస్తూ పోయాం. గాలికి బోర్డు వంగుతుంటే నిటారుగా పట్టుకుని నిలబడ్డది నేనే. ఫోటోల్లో నా మొహం స్పష్టంగా పడింది. మరునాడు పంటల నమోదు చేసే నా లాగిన్‌లోనే ఆ రైతుల పేర్ల కింద వరి తీసేసి కొర్ర అని ఎక్కించాను. లేకపోతే బిల్లు పాస్ కాదన్నాడు సారు.

ఆ పేర్లలో ఐలవ్వది కూడా ఉంది. మొగుడు పోయిన మనిషి, ఎకరన్నర వరి తప్ప ఇంకో ఆధారం లేదు. నేను ఎండలో పోతుంటే పిలిచి మంచినీళ్లిచ్చి గాని పంపదు. తన పేరు కొర్ర బోర్డు మీద ఉందని ఆమెకు తెలియదు. ఆమె ఇంటి ముందు నుంచి పోవాలంటే నాకు భయంగా ఉంది అత్తమ్మా. ఇందులో ఆమెకు నష్టమేం లేదులే అని నాకు నేను చెప్పుకుంటున్నా.

తమ్ముడు అనూప్ ఫోన్ చేశాడు, పరీక్షలు బాగా రాస్తున్నాడట. నీ మోకాళ్లకు నూనె పట్టిస్తున్నావా?

నీ మేనకోడలు
ప్రిస్కిల్లా


మెదక్, చర్చి వెనక సందు,
10 మార్చి 2025

ప్రిస్కిల్లా బిడ్డకు,

ముందుగా, "ప్రదర్షన" కాదు, "ప్రదర్శన". ఐదో తరగతిలో నేర్పింది ఆఫీసరమ్మవు కాగానే గాలికి పోయిందా?

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. సర్కారు మార్చి నెల గురించి నాకా చెప్పేది? నా సర్వీసులో ఒక మార్చిలో మా బడికి మూటెడు వాలీబాళ్లు వచ్చాయి. వల లేదు, ఆడే జాగా లేదు. హెడ్మాస్టరు వాటిని బీరువా మీద పెట్టించాడు, అవి ఒక్కొక్కటే దొర్లి మా నెత్తుల మీద పడేవి. ఎవరు చచ్చారు? ఎవరూ చావలేదు. సర్కారు రివాజే అంత.

నువ్వు చిన్నదానికి పెద్దదానికి పరేషాన్ అయ్యే పిల్లవు. నా తమ్ముడు, అంటే మీ నాయన, ఇట్లాగే ఉండేవాడు. వానపడితే పక్కింటివాళ్ల బట్టలు తడుస్తాయని నిద్రపోయేవాడు కాదు. జూలైలో నీ ప్రొబేషన్ పూర్తయ్యేదాకా నోరు కుట్టుకుని ఉండు. నీళ్లలో ఉండి మొసలితో వైరం ఎందుకు? అనూప్ చదువు నీ జీతం మీదే నడుస్తోందని మరిచిపోకు.

సంఘ పెద్ద జయానందం నిన్ను అడిగాడు. రిటైరైనా ఆయనకు ఆఫీసుల చుట్టూ తిరగనిదే తిన్నది అరగదు. రోజూ రాందాస్ చౌరస్తాలో చాయ్ తాగుతూ అన్ని శాఖల ముచ్చట్లు వింటాడు. నీకేమైనా కష్టముంటే ఆయనతో ఒక మాట అనమంటావా?

ఈస్టర్ ముందు మట్టలాదివారానికైనా రా.

సౌభాగ్యమ్మ


తూప్రాన్,
11 ఏప్రిల్ 2025

అత్తమ్మా,

జయానందం అంకుల్‌తో ఏమీ అనకు. దండం పెడతా.

మట్టలాదివారానికి రాలేను. ఇక్కడ కోతలు మొదలయ్యాయి. అందరికంటే ముందు ఐలవ్వ కోయించింది. వడ్లు ఎండబోసి, తూర్పార పట్టి, కొనుగోలు సెంటరుకు తెచ్చింది. సెంటరు పిల్లవాడు కంప్యూటర్ చూసి, "అవ్వా, నీ పేరు మీద కొర్ర అని చూపిస్తుంది. కొర్రలుంటే తే, వడ్లు కొనరాదు" అన్నాడట. ఏ పొలంలో ఏ పంట ఉందని మేము ఎక్కిస్తామో ఆ పంటనే సర్కారు కొంటుంది. ఈ సంగతి మార్చిలో నా బుర్రకు తట్టలేదు. సారుకు తట్టిందో లేదో తెలియదు.

ఐలవ్వ నా దగ్గరికే వచ్చింది. "వరి ఏసిన బిడ్డా, కొర్రలు యాడికెల్లి వచ్చినయ్? నా మడిల నాకు తెల్వకుంట ఎవరు ఏసిండ్రు?" అని అడిగింది. నేను కంప్యూటర్ తప్పు అవ్వా అన్నాను. ఆ మాట ఎట్లా అన్నానో నాకే తెలియదు. సారును అడిగితే, "ఇప్పుడు మారిస్తే ఖర్చు ఎట్ల చూపిస్తం? బయట అమ్ముకోమను" అన్నాడు. బయట షావుకారు సగం ధర కూడా ఇవ్వనంటున్నాడు. మబ్బులు పడుతున్నాయి. ఆమె రాత్రింబవళ్లు కుప్ప దగ్గరే ఉంటోంది. ఊరివాళ్లెవరో చెబితే పోయి సోమవారం కలెక్టరు ఆఫీసు ప్రజావాణిలో దరఖాస్తు ఇచ్చింది.

ఇక అసలు సంగతి. ఎక్కువ రాయలేను, ఉత్తరం ఎవరి చేతిలో పడుతుందో. మే ఆరో తారీఖు మంగళవారం మెదక్‌లో పెద్దల ముందు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. అందరి కళ్లూ నా మీదే ఉంటాయి. ఏం చెప్పాలో, ఎంతవరకు చెప్పాలో తోచడం లేదు. నా కోసం ప్రార్థన చెయ్యి.

ప్రిస్కిల్లా


మెదక్,
21 ఏప్రిల్ 2025, ఈస్టర్ మరునాడు

నా బంగారు తల్లీ,

దేవునికి స్తోత్రం! కంఠత వాక్యం చెప్పమంటే నా కొంగు చాటున దాక్కునే పిల్లవు, ఇవాళ పెద్దల ముందు నిలబడి సాక్ష్యం చెప్పబోతున్నావా! ముందు పేజీలో వడ్ల గోల పైపైన చూశాను గాని, చివరి పేజీ మాత్రం నాలుగుసార్లు చదువుకున్నాను. మే మొదటి వారంలోనే మన ఉజ్జీవ కూటాలున్నాయి, దేవుడు తమకు చేసిన మేలు యువతులు లేచి చెప్పుకునే సాక్ష్యాల దినం మంగళవారమే. నిన్ను పిలిచినట్టు ఒక్కరైనా నాకు చెప్పలేదు చూడు. చెవిటిదానికి ఏం చెబుతాంలే అనుకున్నారేమో.

నేను ఊరుకుంటానా? గుడిలోని స్త్రీల మైత్రి సంఘంలో అందరికీ చెప్పాను. జయానందం చెప్పగానే ఎగిరి గంతేశాడు. నిన్న ఈస్టర్ ఆరాధనలో, గుడి కిటకిటలాడుతుంటే, మైకులో ప్రకటించాడు: "మన ప్రిస్కిల్లా ఆరో తారీఖున సాక్ష్యం చెప్పబోతోంది, ధైర్యం కలగాలని ప్రార్థించుండ్రి." నాకు వినపడలేదు, పక్కనున్న మన సంఘం పిల్ల రిషిత కాగితం మీద రాసి చూపించింది. కళ్లనీళ్లు ఆగలేదు.

ఎంతవరకు చెప్పాలని అడిగావు. అంతా చెప్పు బిడ్డా. సగం సాక్ష్యం సాక్ష్యం కాదు. ఏ గోతిలో పడ్డావో చెప్పు, ఎవరు తోశారో చెప్పు, పేర్లు చెప్పడానికి సిగ్గుపడకు. నేను తెల్ల చీర కట్టుకుని ముందు వరుసలో కూర్చుంటా.

కూటం అయ్యాక పంచే గుగ్గిళ్ల ఖర్చు నాది అని కూడా చెప్పేశాను.

మీ అత్తమ్మ


తూప్రాన్,
25 ఏప్రిల్ 2025

అత్తమ్మా, ఎంత పని చేశావు!

నీ ఉత్తరం మొదట సగం చదివి, నీకు అంతా అర్థమైంది, నాకు ధైర్యం చెబుతున్నావు అనుకున్నాను. "ఎవరు తోశారో చెప్పు" అన్నచోట వెక్కి వెక్కి ఏడ్చాను. గుగ్గిళ్ల దగ్గరికి వచ్చేసరికి నీకేం అర్థమైందో తెలిసింది.

అది గుడిలో చెప్పే సాక్ష్యం కాదు. ఐలవ్వ దరఖాస్తు మీద ఎంక్వైరీ పడింది. హైదరాబాదు నుంచి ఒక పెద్ద మేడం వచ్చి మమ్మల్ని విచారిస్తుంది. కొర్రల పైసలు ఏమయ్యాయి, వరి మడి కొర్ర మడి ఎట్లా అయింది అని నన్ను అడుగుతుంది. వడ్ల గోల అని నువ్వు పైపైన చూసిన పేజీలోనే ఉంది ఇదంతా.

ఇంకో సంగతి విను. దాచి లాభం లేదు. నేను చెప్పడానికి ఒప్పుకున్నది అబద్ధం అత్తమ్మా. "కొర్రలు మొలవలే, రైతులే దున్నేసి వరి ఏసుకున్నరు, నమోదు మార్చుడు మర్సిపోయిన అని చెప్పు. నీ ప్రొబేషన్ నేను చూసుకుంట" అన్నాడు సారు. నేను తల ఊపాను. ఆ అబద్ధానికి ధైర్యం కావాలని ఈస్టర్ నాడు గుడి గుడంతా మోకాళ్ల మీద ప్రార్థించింది!

జయానందం అంకుల్ చౌరస్తాలో చాయ్ దగ్గర మా శాఖ గుమాస్తాకు గొప్పగా చెప్పాడట. ఆ సాయంత్రానికే సారుకు చేరింది. నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు. "ఏమ్మా, చర్చిల మైకు పెట్టి చాటించినవట? పేర్లు గూడ చెప్తవట? లాగిన్ నీది, ఫోటోల నువ్వున్నవ్. నేను యాడున్న జర చూపియ్యి" అన్నాడు. నిజమే, ఒక్క ఫోటోలో కూడా ఆయన లేడు. ఇప్పటికైనా తాను చెప్పినట్టు చెబితే కాపాడుకుంటాడట, లేకపోతే మొత్తం నా మీదకే వస్తుందట.

నిన్న వాన పడింది. ఐలవ్వ వడ్ల మీద కప్పిన పరదా ఒక పక్క ఎగిరిపోయిందని విన్నాను. చూడ్డానికి పోలేదు. పోలేను.

నువ్వు వెంటనే పోయి అందరికీ చెప్పు, పొరపాటు పడ్డాను, మా పిల్ల ఏ సాక్ష్యమూ చెప్పడం లేదు అని. ఇంకేమీ చెయ్యకు. నీ పుణ్యముంటుంది.

ప్రిస్కిల్లా


మెదక్,
28 ఏప్రిల్ 2025

బిడ్డా,

నీ ఉత్తరం శనివారం అందింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. వడ్ల పేజీ తీసి కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కొక్క అక్షరం చదివాను. ముప్పై ఏళ్లు పిల్లలకు "శ్రద్ధగా చదవండి" అని బెత్తం చూపించిన పంతులమ్మను నేను. చెవులు పోయాయంటే దేవుడు తీసుకున్నాడు, కళ్లకేం రోగం? నన్ను క్షమించు.

జయానందం దగ్గరికి పోయాను. చెప్పింది వెనక్కి తీసుకోమన్నాను. "ప్రార్థన వాపస్ తీసుకునుడు ఉండదక్కా" అని నా చెవిలో అరిచాడు. నాకు వినపడ్డ ఆ ఒక్క మాట సందు మొత్తానికీ వినపడింది. సరే, ఆదివారం ఆరాధనలో నేనే లేచి చెబుదామని పోయాను.

అక్కడ ఏం జరిగిందో విను. నా బెంచీ పక్కన నేల మీద ఒకామె కూర్చుని ఉంది. నుదుట పెద్ద బొట్టు, కాళ్లకు కడియాలు, చెప్పులు బయటే విడిచొచ్చింది. పాటలకు లేచింది, ప్రార్థనకు మోకాళ్లూనింది, అందరూ ఏం చేస్తే అది చేసింది. ఆడమనిషి ఎవరు లేచినా తల తిప్పి చూస్తోంది. ఆరాధన అయిపోయి అందరూ పోతున్నా కదలలేదు. ఎవరమ్మా నువ్వు అని అడిగాను. ఆమె చెప్పింది నాకు వినపడదు, రాసిమ్మంటే ఆమెకు చదువు రాదు. రిషిత వచ్చి నా చెవిలో గట్టిగా చెప్పింది: "ప్రిస్కిల్లా మేడం గీ గుడిల సాక్ష్యం చెప్తదన్నరట. పొద్దుగాల బస్సుకే వచ్చిందట. ఎప్పుడు చెప్తది అని అడుగుతుంది."

ఐలవ్వ. పేరు చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

కొంగు ముడి విప్పి నా చేతిలో గుప్పెడు వడ్లు పోసింది. తెల్లగా మొలకలొచ్చి ఉన్నాయి. పాడైనవి వేరుగా తీస్తున్నాను, మంచివి ఇంకా ఉన్నాయి, అవి కూడా పోకముందే ప్రిస్కిల్లా మేడంను చెప్పమను అందట, అది కూడా రిషితే చెప్పింది. నిన్ను ఒక్క మాట అనలేదు ప్రిస్కిల్లా. నువ్వు ఆమె పక్కన ఉన్నావనే అనుకుంటోంది.

నీ ఉద్యోగం పోవడం నాకు ఇష్టం లేదు. ఇప్పుడూ లేదు. అనూప్ చదువు ఏమవుతుందో అని లెక్కలు వేసుకుంటూనే ఉన్నా. నోరు కుట్టుకో అని మొదట చెప్పింది కూడా నేనే. ఆమెకు కూడా పొరపాటైంది తల్లీ అని చెప్పేద్దామనే నోరు తెరిచాను. "మంగళవారం చెప్తది, తప్పక చెప్తది" అన్న మాట వచ్చింది. నీ బదులు నేను మాట ఇచ్చేశాను. తిట్టుకో, కొట్టుకో.

ఆమెకు అన్నం పెట్టి బస్సెక్కించాను.

మీ అత్తమ్మ


తూప్రాన్,
7 మే 2025

అత్తమ్మా,

నిన్న నువ్వు అక్కడే ఉన్నావు. తెల్ల చీర కట్టుకుని విచారణ గది బయట బెంచీ మీద కూర్చున్నావు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలికి తొంగి చూసి నాకేసి తల ఊపావు. ఒక్క ముక్కా నీకు వినపడలేదని తెలుసు. బయటికొచ్చాక అరిచి చెప్పే ఓపిక నాకు లేదు, అక్కడంతా మా శాఖవాళ్లే. అందుకే రాస్తున్నా.

ముందు సారే అందుకున్నాడు. "పిల్ల కొత్త మేడం, తెల్వక చేసింది. రైతులు దున్నేసుకున్నది రాయలే" అని నా మీద జాలి పడ్డట్టు మాట్లాడాడు. మేడం నా వైపు తిరిగి, నువ్వేమంటావమ్మా అంది. రాత్రంతా అనుకున్నది ఒక్కటే: నేను నిజం చెప్పిన క్షణం నా లాగిన్ మూసేస్తారు. మూసేస్తే ఐలవ్వ పంట మార్చే మనిషి ఉండదు. కొత్త మనిషి వచ్చి, మడి చూసి, ఎక్కించేదాకా వడ్లు ఆగుతాయా?

అందుకని, "మేడం, చెప్తాను. కానీ ముందు నమోదు సరిచేసుకోనివ్వండి, తర్వాత ఏది అడిగినా చెప్తాను" అన్నాను. "ఆ పని తర్వాత గూడ చెయ్యచ్చు గద" అన్నాడు సారు. "తర్వాత ఎవరు చేస్తారు?" అంది మేడం. మేడం పైవాళ్లకు ఫోన్ చేసి మార్చడానికి అనుమతి ఇప్పించింది. ముందు ఐలవ్వది, తర్వాత మిగతావాళ్లవి, కొర్ర తీసి వరి ఎక్కించాను. నర్సింగానిది ఒక్కటే కొర్రగా ఉంచాను. అప్పుడు చెప్పాను. చేను ఒకటే, మూలలు నాలుగు. బోర్డు పట్టుకున్నది నేను, పట్టుకోమన్నది సారు. ఎలుకలు కొరికిన విత్తనం బస్తాలు ఇంకా గోదాంలోనే ఉన్నాయి. అన్నీ చెప్పి సంతకం పెట్టాను. సగం సాక్ష్యం చెప్పలేదు అత్తమ్మా.

బస్సు తూప్రాన్ చేరేలోపే సస్పెన్షన్ కాగితం ఫోన్‌కు వచ్చింది. సారును సంజాయిషీ అడిగారు, అంతే. కొర్రల ఖర్చు మాత్రం ఖర్చుగానే ఉంది, బిల్లులు పాసయ్యాయి గనక ఎవరూ దాని జోలికి పోరట. ఈ ఏడు ఒక్క పైసా మిగల్చకుండా ఖర్చు చేసినందుకు వచ్చే ఏడు మా మండలానికి క్షేత్రాలు పెంచుతారని ఆఫీసులో అనుకుంటున్నారు. నాకు భయంగానే ఉంది. అనూప్‌కు ఇంకా చెప్పలేదు.

ఇవాళ పొద్దున సెంటరుకు పోయాను. మొలకెత్తిన వడ్లు దాణా కింద ఎవరో ఎత్తుకుపోయారు. మిగిలిన బస్తాలు తూకమై లారీకి ఎక్కుతున్నాయి. ఐలవ్వ నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది, నా చేతులు పట్టుకుంది. "వానకాలం ఏం ఏద్దునో జర వచ్చి చెప్పి పో బిడ్డా" అంది. నేనిక ఈ ఊరికి రానవ్వా, నన్ను తీసేశారు అన్నాను. ఆమెకు అర్థం కాలేదు.

"ఎందుకు తీసేసిండ్రు? నా మడిల వరి ఉన్నదని రాసినందుకా?"

అవునన్నాను. ఇంకెట్లా చెప్పాలో తెలియలేదు.

ఆమె నా చేతులు వదిలేసి లారీకి అడ్డం పోయింది. "ఆపుండ్రి! నా వడ్లు దించుండ్రి! మళ్ల కొర్రలనే రాసుకోండ్రి, నాకేం పర్వ లేదు, గా పిల్ల నౌకరి గా పిల్లకియ్యుండ్రి" అని అరుస్తూ బస్తా పట్టుకుని లాగింది. హమాలీలు ఆగిపోయారు. నేను పోయి ఆమెను రెండు చేతులా పట్టుకుని పక్కకు తెచ్చేసరికి డ్రైవర్ లారీ కదిలించాడు. అది రోడ్డెక్కేదాకా ఆమె అరుస్తూనే ఉంది.

శనివారం మొదటి బస్సుకు వస్తాను.

నీ
ప్రిస్కిల్లా